మింగడానికీ మాట్లాడడానికీ మధ్య ఒక్క అక్షరం

మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పనిలో నేను ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఎప్పుడూ రెండే అడుగుతారు. ఎన్ని పదాలు కంఠతా పట్టాలి? ఎంత వేగంగా టైప్ చేయాలి? ఆ రెండూ మీకు శిక్షణలో చెబుతారు. శిక్షణలో చెప్పనిది ఒకటుంది, అది రాద్దామని కూర్చున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చిందో, ఎన్ని జ్ఞాపికలు అందుకున్నానో ఇందులో ఉండదు. ఒక మనిషి చావులో నా చెయ్యి ఎంతుందో, ఒక అమ్మాయి ఉద్యోగం ఎలా పోయిందో ఉంటుంది.

చెవితో చేసే పని

ముందు అసలు పని ఏమిటో చెప్పాలి. అమెరికాలో చాలామంది డాక్టర్లు రోగిని చూశాక కూర్చుని రాయరు. ఫోన్ అందుకుని, ఈ రోగికి ఇది జబ్బు, నేను ఇది చేశాను, ఇక మీద ఇలా చూసుకోవాలి అని గబగబా చెప్పేస్తారు. అక్కడ సాయంత్రమయ్యేసరికి ఆ గొంతులు మాదాపూర్‌లోని మా ఆఫీసుకు చేరేవి. మనకప్పుడు పొద్దున. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో అదిమితే వెనక్కి పోతుంది. విన్నది విన్నట్టు టైప్ చేసి, వాళ్ళకు తెల్లవారేలోపు తిప్పి పంపాలి. పంపేముందు ఎడిటర్ ఆ కాగితం చదివి తప్పులు దిద్దాలి. తర్వాత ఆ రోగి ఏ ఆసుపత్రికి వెళ్ళినా అతని కన్నా ముందు ఆ కాగితం వెళుతుంది.

తొంభైల చివర మాదాపూర్ అంటే బండలు. గుండ్రటి పెద్ద భవనం ఒక్కటి అప్పుడే లేచింది. చుట్టూ గుంతలు, క్రేన్లు, ఎర్ర దుమ్ము. మధ్యాహ్నం బండలు పేల్చేముందు ఈల వేసేవారు. అది వినగానే అందరం పెడల్ వదిలేసి, హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని, కిటికీ అద్దాలు వణికి ఆగేదాకా కూర్చునేవాళ్ళం. ఆ రెండు నిమిషాలే మాకు విశ్రాంతి.

నేను అక్కడికి కాలేజీ నుంచి వచ్చాను. మాది తెనాలి వైపు. పెళ్ళయ్యాక కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చి, అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. మొక్కల పేర్లన్నీ లాటిన్, గ్రీకు ముక్కలే. ఆ ముక్కలు తెలిసిన మనిషి కావాలని ఈ కంపెనీ వాళ్ళు తీసుకున్నారు. నాలుగు నెలల్లోనే నన్ను ఎడిటర్ని చేశారు.

పోస్టుమార్టం డాక్టరు గారు

మాకు పదాలు నేర్పింది హనుమంతరావు గారని ఒక రిటైరైన డాక్టరు. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్ళు పోస్టుమార్టంలు చేసిన మనిషి. వారానికి రెండు రోజులు వచ్చి పాఠం చెప్పేవారు. నవ్వడం నేను చూడలేదు.

ఆయన పద్ధతి ఒకటే. ఒక మాటను ఒంటరిగా నేర్పేవారు కాదు. ఒకే అక్షరాల వరుస ఉన్న మాటలన్నిటినీ ఒకచోట చేర్చేవారు. మొదటి రోజు బోర్డు మీద టి, ఓ, ఎమ్, వై అని రాసి మా వైపు తిరిగారు.

"గీ నాలుగు అక్షరాలు ఏ మాట చివర కనవడ్డా ఆడ కత్తి వడ్డదని అర్థం. ఇగ దాని ముందు ఏమున్నదో చూడున్రి. ఒట్టి 'ఓ' ఉంటే కోసిండ్రు. 'ఓఎస్' ఉంటే కోసి బయటికి దారి వెట్టిండ్రు. 'ఈసీ' ఉంటే కోసి తీసేసిండ్రు. కొలాటమీ, కొలాస్టమీ, కొలెక్టమీ. మొదటోడు తన పేగు తనకుండంగనే ఇంటికి పోతడు. రెండోవాడు పొట్ట మీద సంచి కట్టుకొని పోతడు. మూడోవాడు పేగు ఈడ్నే ఇడిశివెట్టి పోతడు. మీకు ఒక అక్షరమే, వానికి బతుకు."

ఇంకో రోజు పి, హెచ్, ఏ, జి రాశారు. ఈ వరుస కనిపిస్తే తిండికి సంబంధించింది. అన్నవాహిక పేరు ఈసోఫేగస్‌లో ఈ నాలుగూ ఉన్నాయి. క్రిములను తినే తెల్ల కణం ఫేగోసైట్‌లో ఉన్నాయి. మింగలేకపోవడానికి పేరు డిస్‌ఫేజియా, అందులోనూ ఉన్నాయి. చివరి అక్షరం మార్చి జి బదులు ఎస్ పెడితే అది మాటకు సంబంధించింది అవుతుంది. పూర్తిగా మాట పోతే అఫేసియా. మాట తడబడితే డిస్‌ఫేసియా.

నాకు ఆ పాఠం కొత్త కాదు. బ్యాక్టీరియాను తినే వైరస్ గురించి పదకొండేళ్ళు పిల్లలకు చెప్పాను, ఆ పేరులోనూ ఇవే నాలుగు అక్షరాలు. డాక్టరు గారు రాస్తుంటే నేను వెనక బెంచీలో కూర్చుని ముందే జవాబులు చెబుతూ ఉండేదాన్ని. ఆయనొకసారి ఆగి నా వంక చూసి, "కాగితం మీద మీకు అన్నీ ఎరుకే మేడం. చెవుల వడ్డప్పుడు చూద్దాం," అన్నారు. నలుగురిలో అలా అన్నందుకు నాకు కోపం వచ్చింది.

ఆయన అన్నదాంట్లో నిజముంది. డిస్‌ఫేజియా, డిస్‌ఫేసియా కాగితం మీద వేరువేరుగా కనిపిస్తాయి గానీ అమెరికా వాళ్ళ నోట దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ఎస్‌ను వాళ్ళు మన అక్షరమాలలో లేని శబ్దంగా పలుకుతారు. మన చెవి దాన్ని కూడా 'జ' అనే పట్టుకుంటుంది.

రేణుక

రేణుక ఇల్లు బోరబండలో. అప్పటికి ఇరవై రెండేళ్ళు. తండ్రి సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తల్లి ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టేది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, టైపు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసై వచ్చింది. పొద్దున్నే బండల మధ్య కాలిబాటన నడిచి ఆఫీసుకు వచ్చేది, చెప్పులు ఎర్రగా ఉండేవి.

ఇంగ్లీషు మాట్లాడాలంటే ఆమెకు భయం. వాక్యంలో ఎక్కడ ఏది రావాలో తడబడేది. కాని చెవి మాత్రం మా అందరిలో ఆమెదే. నోట్లో శాండ్‌విచ్ పెట్టుకుని చెప్పే డాక్టరున్నాడు, కారు నడుపుతూ చెప్పేవాడున్నాడు, జలుబుతో చెప్పేవాడున్నాడు. ఎవరు పలికినా ఏ అక్షరం పలికారో ఆమెకు తెలిసేది. ఎలా తెలుస్తుందే అని ఒకసారి అడిగాను.

"మా బస్తీల సగం మంది ఉర్దూ మాట్లాడుతరు మేడం. చిన్నప్పుడు 'జ' తప్పు వలికితే దోస్తులు నవ్వుతుండె. గందుకే చెవి పెట్టి ఇంటుంటి."

తెలియనిచోట ఆమె ఖాళీ వదిలేది. ఒక గీత గీసి, పక్కన 'వినపడలేదు' అని రాసేది. మా మేనేజరు మూర్తి గారికి ఖాళీలంటే గిట్టేది కాదు. అమెరికా వాళ్ళు ఖాళీలు లెక్కపెట్టి పనితనం కొలుస్తారని ఆయన బాధ. డాక్టరు గారు మాత్రం ఖాళీ వదిలినవాళ్ళను ఏనాడూ తిట్టలేదు.

నేను ఖాళీలు నింపే మనిషిని. నా బల్ల దగ్గరికి వచ్చిన గీత మళ్ళీ గీతగా తిరిగి వెళ్ళేది కాదు. ముందు వాక్యం, వెనక వాక్యం చూసి, ఇక్కడ రావాల్సింది ఇదే అని చెప్పేసేదాన్ని. ఆఫీసులో నా పేరు డిక్షనరీ మేడం. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రిపోర్టు

అది తొంభై తొమ్మిది ఎండాకాలం. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. పేరు నాకు గుర్తుంది, రాయను. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడని డాక్టరు మొదటి వాక్యంలోనే చెప్పాడు. పక్షవాతం వచ్చింది, ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాడు, ఇప్పుడు వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోముకు పంపిస్తున్నారు. అతని వెంట పంపాల్సిన కాగితం అది. చివర్లో డాక్టరు ఆవలిస్తూ చెప్పిన మాటలు ఇవి. కుడి చెయ్యి బలహీనంగా ఉంది, డిస్‌ఫేజియా ఇంకా ఉంది, స్పీచ్ థెరపిస్టు వచ్చి చూస్తారు.

రేణుక జి పెట్టి టైప్ చేసింది. అప్పట్లో మేము అచ్చు తీసిన కాగితం మీద ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇచ్చేవాళ్ళం. టైప్ చేసినవాళ్ళే ఆ దిద్దుబాట్లు కంప్యూటర్లో చేసి పంపేవాళ్ళు. నేను ఆ జి కొట్టేసి ఎస్ రాశాను.

పది నిమిషాల్లో ఆమె కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, ఈడ జి అని ఇనవడ్డది నాకు."

"రెండూ అలాగే వినపడతాయమ్మా. డాక్టరు గారు చెప్పారు కదా."

"లేదు మేడం. 'జెండా'ల 'జ' లెక్క ఉన్నది. 'జర' అంటం సూడున్రి, గా 'జ' కాదు. నాలుగుసార్లు ఇన్న."

"చెవితో కాదు రేణుకా, బుర్రతో వినాలి. పక్షవాతం వచ్చిన మనిషి. స్పీచ్ థెరపిస్టు వచ్చి చూస్తారని ఆ డాక్టరే చెబుతున్నాడు. మాట కోసం కాకపోతే ఆవిడతో పనేముంది?"

"మీరొక్కసారి ఇంటే..." అని మెడలో ఉన్న తన హెడ్‌ఫోన్లు తీసి నా వైపు చాపింది.

"ఇంకా పద్నాలుగు కాగితాలున్నాయి నా ముందు. ఎస్ పెట్టెయ్."

ఆమె హెడ్‌ఫోన్లు మళ్ళీ మెడలో వేసుకుని, "సరే మేడం," అని వెళ్ళిపోయింది. ఎస్ పెట్టింది. రిపోర్టు వెళ్ళిపోయింది.

అమెరికాలో మింగడం కూడా స్పీచ్ థెరపిస్టే పరీక్షిస్తారని నాకు అప్పుడు తెలియదు. మాటకు వాడే కండరాలూ మింగడానికి వాడేవీ చాలావరకు ఒకటే కాబట్టి ఆ పని వాళ్ళకే అప్పగిస్తారు. హనుమంతరావు గారికి తెలిసి ఉండేదేమో. ఆయన వచ్చే రోజు కాదది. ఆగి మర్నాడు అడిగి ఉండవచ్చు. గీత గీసి వదిలి ఉండవచ్చు. హెడ్‌ఫోన్లు అందుకుని ఉంటే పది సెకన్ల పని.

మూర్తి గారి గది

మూడు వారాల తర్వాత ఒక గురువారం అమెరికా నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మాకూ ఆసుపత్రికీ మధ్య ఉన్న కంపెనీ వాళ్ళు పంపింది. నర్సింగ్ హోములో ఆ మనిషికి మాట సరిగా రాదని మాత్రమే అనుకున్నారు. కాగితం అదే చెప్పింది. మొదటి రోజు పొద్దున అందరితో పాటు ఫలహారం పెట్టారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. న్యుమోనియా వచ్చింది. తొమ్మిదో రోజు చనిపోయాడు. సంతకం పెట్టిన డాక్టరు కూడా చదవకుండానే పెట్టాడని కింద రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను చాలా ఏళ్ళు పట్టుకు వేలాడాను. అది నాకేమీ సాయం చేయలేదు.

మూర్తి గారు నన్నూ రేణుకనూ పిలిచారు. బల్ల మీద ఆ రిపోర్టు ఉంది. రిపోర్టు అడుగున డాక్టరు పేరు పొడి అక్షరాలు, వాటి పక్కన టైప్ చేసినవారి పొడి అక్షరాలు ఉంటాయి. ఎడిటర్‌వి ఉండవు. ఎర్ర సిరా కాగితాలు వారం వారం చించి పారేస్తారు.

"ఇది నువ్వు చేసిందేనా?" అని మూర్తి గారు రేణుకను అడిగారు.

"నేనే సార్."

"ఇక్కడ ఎస్ ఉంది. జి ఉండాల్సిన చోట. చూశావా?"

రేణుక కాగితం చూడలేదు, నా వైపు చూసింది. నేను ఫ్యాక్స్ కాగితం వైపు చూస్తున్నాను. అందులో ఉన్నది అప్పటికే రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతున్నట్టు కూర్చున్నాను.

"ఔ సార్," అంది రేణుక. "ఎస్ ఉన్నది."

"ఏమైనా చెప్పుకునేది ఉందా?"

ఆమె చాలాసేపు ఆగింది. ఆ వ్యవధి అంతా నాదేనని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా అంటే, అది కాదు. మా ఇంట్లో నా సంపాదన లేకపోయినా గడుస్తుంది. డిక్షనరీ మేడం ఒక అక్షరం తప్పు చేసిందని, అదీ ఒక తెలుగు మీడియం అమ్మాయి వద్దని చెబితే వినకుండా చేసిందని, బయట నలభై మందికి తెలుస్తుంది. నా నోరు కట్టేసింది అదే. రాయడానికి ఎంత చిన్నగా ఉందో, అంత చిన్న కారణమే.

"ఏం లేదు సార్," అంది రేణుక.

భోజనం వేళకు ఆమె వెళ్ళిపోయింది. నేను నా బల్ల దగ్గరికి వచ్చి రెండు రిపోర్టులు దిద్దాను. మూడోది పక్కన పెట్టి, ఆ పాత గొంతు ఫైలు వెతికాను. రెండు నెలలపాటు అవి ఉంచేవారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడల్ నొక్కాను. డాక్టరు ఆవలింత, ఆ తర్వాత ఆ మాట. 'జెండా'లో 'జ'. అనుమానించడానికి ఏమీ లేదు.

సనత్‌నగర్, బోరబండ

ఆ సాయంత్రం నేరుగా సనత్‌నగర్‌లో హనుమంతరావు గారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన చివరిదాకా విన్నారు.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నరు?"

"ఏం చేయాలో తెలియక వచ్చానండీ."

"తెల్వక కాదు. నేను ఊరడిస్తనని వచ్చిండ్రు. నేను రేణుకనా? మూర్తినా? ఆ సచ్చిపోయినాయన బిడ్డనా?" అని లేచి లోపలికి వెళ్ళారు. కాసేపటికి ఆయన భార్య వచ్చి, "ఆయనకు బీపీ ఉన్నదమ్మా, ఏమనుకోకు," అని మంచినీళ్ళు ఇచ్చింది.

ఆదివారం బోరబండ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. రేణుక తల్లి గడప దగ్గర చీర పరుచుకుని ఫాల్ కుడుతోంది. నన్ను ఎవరో చెప్పగానే చీర తీసి పక్కన పెట్టి కుర్చీ తుడిచింది. చాయ్ పెట్టింది. రేణుక లోపలి గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మీ గురించి ఎప్పుడు చెప్పేది మేడం మా పోరి," అంది తల్లి. "మా మేడంకు రాని మాట లేదంటది. ఏం తప్పు చేసిందో ఏమో, పానం మీదికొచ్చే తప్పట. మూడొద్దుల సంది బువ్వ తింటలేదు. మీరు పెద్దోళ్ళు, జర ఆ సార్‌కు మీరే చెప్పున్రి. చిన్నపిల్ల, ఒక్కపారి మాఫ్ చెయ్యమనున్రి."

కూతురు ఆమెకు నిజం చెప్పలేదు. తప్పు నాది అని ఆ తల్లితో చెప్పడానికే వచ్చాను. "చెబుతానండీ," అన్నాను. అంతే అన్నాను.

రేణుక నన్ను రోడ్డు దాకా దింపడానికి వచ్చింది. వాళ్ళ వాడ దాటాక ఆగాను.

"అమ్మకు ఎందుకు చెప్పలేదు రేణుకా? ఆ రోజు గదిలో అయినా ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే సార్ నమ్ముతుండెనా మేడం? ఎర్ర కాగితం లేదు. మీ మాట, నా మాట. మీరు చెప్తరేమో అని సూసిన."

"తప్పు నాదే. రేపు వెళ్ళి చెబుతాను."

"చెప్పున్రి." ఆమె గొంతులో కోపం లేదు, ఆశ కూడా లేదు. "గాని మేడం, నాకు నిద్ర వడ్తలేనిది గా ముచ్చటకు కాదు. జి అని నాకు ఎరుక. ఎరుకై కూడ ఎస్ కొట్టిన. మీరు పెద్దోళ్ళని కొట్టిన. ఆయన తినుకుంట తినుకుంట ఊపిరాడక..." తన చెయ్యి ముందుకు చాపి, "మీరు రాసిన్రు. వేలు నాదే గదా," అంది.

నువ్వు కాదమ్మా, నేనే అని ఎన్నిసార్లు అన్నానో. ఆమె వింటున్నట్టు లేదు. ఆటో వచ్చాక నమస్తే పెట్టి వెనక్కి తిరిగింది.

సోమవారం

సోమవారం పొద్దున మూర్తి గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ మాట గురువారం చెప్పి ఉంటే వేరేగా ఉండేది మేడం. టైప్ చేసినమ్మాయిని తీసేశామని శుక్రవారమే వాళ్ళకు ఫ్యాక్స్ పంపాను. వాళ్ళు సరేనన్నారు. ఇప్పుడు కాదు, తప్పు మా ఎడిటర్‌ది, అమ్మాయి సరిగ్గానే విన్నది అంటే ఏమవుతుంది? మన దగ్గర దిద్దేవాళ్ళే చెడగొడతారని అర్థమవుతుంది. పని మొత్తం లాగేసుకుంటారు. బయట నలభై మంది ఉన్నారు."

"అయితే నన్ను తీసెయ్యండి. ఆమెను పిలవండి."

"మిమ్మల్ని తీస్తే కారణం రాయాలి కదండీ."

నా కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత దాన్ని నేను చూడలేదు.

ఇక్కడితో నేను చేయగలిగింది అయిపోయిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ అమెరికా కంపెనీ ఫ్యాక్స్ నంబరు మా నోటీసు బోర్డు మీదే ఉండేది. నేను నేరుగా రాయవచ్చు. రెండు వారాలు దాని ముందు నుంచే నడిచాను. కనీసం అందరూ కూర్చునే గది మధ్యలో నిలబడి ఆ నలభై మందికీ చెప్పవచ్చు. అదీ చేయలేదు. ఆఫీసంతా రేణుక ఒక మనిషిని చంపిందని చెప్పుకుంది. కొత్తగా చేరినవాళ్ళకు భయం పెట్టడానికి కూడా చెప్పేవారు. అది విన్నప్పుడల్లా నేను కాగితంలోకి తల దించుకునేదాన్ని.

రేణుక కోసం వేరే కంపెనీల్లో రెండుచోట్ల అడిగాను. ఎందుకు మానేసిందని వాళ్ళు మూర్తి గారికి ఫోన్ చేశారు, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ బోరబండ వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ, వాళ్ళు ఖాళీ చేసి పటాన్‌చెరు వైపు ఎక్కడో కిరాయికి పోయారని చెప్పింది. రేణుక ఏం చేస్తోందని అడిగాను. "కంప్యూటర్ పని మాత్రం సచ్చినా చెయ్యనన్నదట," అంది. నాకు తెలిసిన చివరి సంగతి అదే. తర్వాత వెతకలేదు. వెతికితే దొరికేదేమో.

మీకు చెప్పదలచుకున్నది

నేను ఆ పనిలోనే ఉండిపోయాను. రిపోర్టు అడుగున ఎడిటర్ పొడి అక్షరాలు కూడా ఉండాలని పోరాడాను. మూడో మేనేజరు వచ్చాక గానీ ఒప్పుకోలేదు. ఎడిటర్ వినకుండా ఒక్క అక్షరమూ మార్చకూడదని నా విభాగంలో కట్టుబాటు పెట్టాను. ఇవి మంచి పనులే. ఆ మనిషికీ రేణుకకూ వీటితో ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు మీరు చేసే పని మారింది. గొంతును యంత్రమే అక్షరాలుగా మారుస్తుంది, మీరు దిద్దుతారు. అంటే మీరంతా నేను కూర్చున్న కుర్చీలోనే మొదలుపెడుతున్నారు. ఆ కుర్చీ గురించి నాకు తెలిసింది చెబుతాను. ఏమీ తెలియనివాడు ఆ కుర్చీలో పెద్దగా హాని చేయడు, తెలియదు కాబట్టి అడుగుతాడు. చాలా తెలిసినవాడు వినడం మానేస్తాడు. పి, హెచ్, ఏ, జి అంటే తినడమని నాకు పదకొండేళ్ళుగా తెలుసు. ఆ తెలివే నన్ను హెడ్‌ఫోన్లు అందుకోనివ్వలేదు. మీ కన్నా చిన్నవాళ్ళు, మీ కన్నా ఇంగ్లీషు తక్కువ వచ్చినవాళ్ళు మీ ముందుకొచ్చి నాకు ఇంకోలా వినపడింది అంటే, ఆ పద్నాలుగు కాగితాలూ పక్కన పెట్టి వినండి.

రెండోది ఇంకా కష్టం. తప్పు చేస్తే ఆ గదిలోనే చెప్పండి. మర్నాటికి దాని ధర మారిపోతుంది, సోమవారానికి అది ఎవరికీ పనికిరాదు.

రిటైరయ్యే ముందు చివరి బ్యాచ్‌కు ఈ సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు ఎప్పటిలాగే 'ఒక ఎడిటర్' అని చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"ఆ ఎడిటర్ పేరేంటి మేడం?"

"ఆవిడ మానేసింది," అన్నాను.

ఇంటికి వచ్చి మూడు రోజులు ఆ జవాబుతో ఉన్నాను. రేణుకను చూడకుండా ఫ్యాక్స్ కాగితం చదివిన రోజుకూ దీనికీ ఏమీ తేడా లేదు. అందుకే ఇది రాశాను. ఆ అమ్మాయికి ఇది చేరుతుందో లేదో తెలియదు. ఆ ఎడిటర్ పేరు సుభద్ర. ఆవిడ మానేయలేదు, మొన్నటిదాకా అక్కడే ఉంది.